అన్నీ మూసేశారని చెప్పాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. చాలా చిన్నది. దాని బరువు మాత్రం ఏటికేడు పెరుగుతూనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఎనిమిదిలో నేను దుబాయ్‌లో, కోడిమాంసం దిగుమతి చేసుకునే ఒక కంపెనీ కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాణ్ణి. మాది నెల్లూరు, ముస్లింలం. ఆమెది కోనసీమ, క్రైస్తవులు. జుమేరాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. ఆమె పేరు రాయను. రాసే హక్కు పోగొట్టుకున్నాను. నెలకొక శుక్రవారం ఆమెకు సెలవు. చర్చికి వెళ్ళి, కరామాలో వాళ్ళ పిన్ని గదికి వచ్చేది. సాయంత్రం ఇద్దరం ఆ వీధుల్లో నడిచేవాళ్ళం, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంతో.

ఆ ఏడాది ఆమె వీసా గడువు ముగిసే వేళైంది. ఉంటావా, వెళ్తావా అని ఆ ఇంటి మేడం అడిగింది. ఊళ్ళో ఆమెకు సంబంధం చూసి ఉంచారు. నేను పెళ్ళి చేసుకుంటానంటే ఉంటుంది, లేకపోతే వెళ్తుంది. సరిగ్గా అప్పుడే కంపెనీ నన్ను బ్రెజిల్ పంపింది. మేం తెప్పించే కోళ్ళు అక్కడివి. హలాల్‌గా కోస్తున్నారో లేదో చూసి రావాలి. గుడ్ ఫ్రైడే నాడు పిన్ని గదిలో ఎదురుచూస్తానంది. అవునో కాదో ఫోన్‌లో చెప్పమంది. మర్నాడు పొద్దున ఆమె మేడంకి జవాబివ్వాలి.

ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. తోటివాళ్ళు హోటల్లో పడుకున్నారు. నేను ఒక్కణ్ణే కురిటిబా నగరం చూడటానికి బయల్దేరాను. రాళ్ళు పరిచిన వీధులు, దించిన షట్టర్లు, గాజు గొట్టాల్లాంటి బస్టాపులు, చర్చి మెట్ల మీద నల్లబట్టల ముసలమ్మలు. ఆ రోజు వాళ్ళు మాంసం ముట్టరట. కిటికీల్లోంచి ఉప్పుచేప ఉడుకుతున్న వాసన. ఆమె ఉంటే ఆ వాసన పట్టుకుని ఎవరింట్లోకైనా వెళ్ళి కూర్చునేది. నన్ను ఎవరూ చూడలేదు. ఏ ఊరు, ఎవరి అబ్బాయివి, ఏ మతం అని ఎవరూ అడగలేదు. ప్రతి మలుపులోనూ ఆమెను నా పక్కన నడిపించుకున్నాను, ఎడం లేకుండా. ఈ ఊళ్ళో బతకగలం అనుకున్నాను. 'అవును' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ ఆ అవును ఆ ఊరికే. నెల్లూరుకి కాదు. మా అన్నల ముందు నిలబడి అదే మాట అనగలనా? ఆమెను మా ఇంట్లోకి ఆమెగానే తీసుకెళ్ళగలనా, లేక పేరూ ప్రార్థనా గుమ్మం బయట విడిచి రమ్మంటానా?

అక్కడ వీధి మూలల్లో, కోడిగుడ్డును సగానికి కోసి తగిలించినట్టు గుండ్రటి గొడుగులుంటాయి. వాటి కింద ఫోన్లు. ఫోన్ కార్డు నేను ముందురోజే కొన్నాను. పొద్దుటినుంచీ ఎన్ని గొడుగులు దాటానో. అక్కడింకా పొద్దున్నే, దుబాయ్‌లో మాత్రం సాయంత్రమై ఆమె తిరిగి పనికి వెళ్ళే వేళ దగ్గరపడ్డాక, ఒకదాని కిందికి వెళ్ళి నంబరు నొక్కాను.

మోగింది. పిన్ని తీసింది. వెనకనుంచి ఆమె గొంతు, "ఆయనేనా? ఇలా ఇయ్యి పిన్నీ!" నవ్వుతోంది. ఆ తర్వాత ఆమె ఊపిరి, నా చెవి పక్కనే.

పెట్టేశాను.

మధ్యాహ్నం, చనిపోయిన ఏసు విగ్రహాన్ని గాజుపెట్టెలో భుజాల మీద మోస్తూ ఊరేగింపు వచ్చింది. మా ఊళ్ళో పీర్లను ఎత్తుకుని వెళ్తుంటే వీధి వీధంతా అలాగే పక్కకు ఒదిగేది. నేనూ వాళ్ళతో నడిచాను. చాలాదూరం నడిచాను. ఎందుకు నడిచానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు మాత్రం తెలుసా?

నేను దుబాయ్ తిరిగొచ్చేసరికి ఆమె మేడంకి ఖలాస్, ఇక ఉండనని చెప్పేసింది. మర్నాడే విమానం. కరామాలో పిన్ని ఉండే బిల్డింగు కింద నిలబడి, తాడు కట్టిన అట్టపెట్టె మీద చెయ్యి వేసి నాకోసం చూస్తోంది.

"ఏమ్మే, ఆ రోజు వాళ్ళకు పండగంట. అన్నీ మూసేశారు. ఫోన్ యాడా దొరకలా," అన్నాను.

"ఊరు ఊరంతానా అండీ?"

"ఊరంతా."

"చూశారా మరి! మీ రంజాన్‌కి పగలు టీ చుక్క దొరక్క నేను చచ్చేదాన్ని. ఇప్పుడు మా పండగ మీకు తగిలింది." నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "పిన్ని ఫోను ఒకసారి మోగిందండీ. ఎవరూ మాటాడలేదు. మీరేమో అనుకున్నాను," అంది.

"నేను కాదు."

కాసేపు అట్టపెట్టె తాడు సర్దింది. "అయితే దేవుడే వద్దన్నాడండీ. ఆయన పోయిన రోజునే మీ నోరు కట్టేశాడంటే మనవేం చేత్తాం? ఇంక నేను దీనికి ఏడవను లెండి."

అప్పటికైనా చెప్పొచ్చు. ఇంకా ఒక రాత్రి ఉంది. చెప్పలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఆమెను వదులుకున్నందుకే నేను సిగ్గుపడాలి. దానికి మించి, నా పిరికితనాన్ని తీసుకెళ్ళి ఆమె నమ్మిన దేవుడి మీద పెట్టాను. ఆమె దాన్ని ఆయన మాటగా తలవంచి తీసుకుంది. ఆ మాట మీదే వెళ్ళి ఎవరినో పెళ్ళాడింది. సుఖంగా ఉందో లేదో తెలియదు. పిన్నీ ఆ గది ఖాళీ చేసింది. అడగడానికి నాకెవరూ మిగలలేదు. ఇప్పటికీ ఎక్కడైనా గోదావరి యాస వినిపిస్తే ఆగిపోతాను.

మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మన్నించాలి, అల్లా దాన్ని తన చేతిలోకి తీసుకోడని మా అబ్బ చెప్పేవాడు. అందుకని మన్నింపు అడగడం లేదు. ఆమె ఇది చదవాలని కోరుకుంటున్నానా, చదవకూడదనా, అదీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ ఈ ఒక్క సంగతి ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. ఆ పండగనాడు ఆ ఊళ్ళో ఫోన్లన్నీ పనిచేశాయి. ఏ దేవుడూ నా నోరు కట్టలేదు. ఆమె ఊపిరి విని పెట్టేసింది నేనే.

చెప్పేశాను.