నిన్నటి పులుసు, తిప్పని పుట

తన పరువును తానే బండిలోకి ఎక్కించి, తానే తోలుకుపోయి, సరిగ్గా పదిమంది చూసే చోట బోల్తా కొట్టించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. బండి ఎక్కడ పడిందో, చక్రం ఎటు దొర్లిపోయిందో ఏమీ దాచకుండా చెబుతాను. ఒక్కటే షరతు. నవ్వేవాళ్ళు మెల్లగా నవ్వాలి. గట్టిగా నవ్విన మొహాలు నాకు గుర్తుండిపోతాయి. నా పెళ్ళిలో నా విస్తరిలో రెండోసారి నెయ్యి వెయ్యకుండా దాటిపోయిన మనిషితో నేను ఇవాళ్టికీ మాట్లాడను. ఆయన మా మేనమామ.

మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర ఒక పల్లె. వరిచేలు మావి, వాటి మీది గాలి సముద్రానిది. యాభైల చివర్లో మా ఊరి బడికి పైకప్పు వెయ్యడానికి డబ్బు చాలక ఒక నాటకం ఆడించాం. అందులో హాస్యానికని రేడియో గవర్రాజు గారిని పిలిపించాం. గోదావరి వైపు మనిషి. ఆదివారం సాయంత్రం పంచాయతీ రేడియోలో ఆయన గొంతు వినిపిస్తే, చేలో నీళ్ళు కడుతున్నవాడు కూడా పార అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చేవాడు. అంతటివాడికి భోజనం మా ఇంట్లోనే అని నేను పట్టుబట్టాను. పట్టుబట్టడంలోనూ, మీసాల్లోనూ ఊళ్ళో నాకు పోటీ లేదు.

మా వైపు చేపల పులుసుకు ఒక మర్యాద ఉంది. దారినపోతూ తొంగిచూసినవాడికి పొయ్యి మీది పులుసే పోస్తాం. నిజంగా కావలసినవాడికి మాత్రం ముందురోజే మట్టి దాకలో వండి, మామిడికాయ పులుపు చేపకు పట్టేదాకా ఉంచి, మర్నాడు పెడతాం. కొత్త అల్లుడికైనా, కలెక్టరుకైనా అంతే. మా ఆవిడ రమణమ్మ గవర్రాజు గారి కోసం అట్లాగే వండింది. ఆయన తిన్నాడు. వసారాలో మంచమ్మీద ఒక కునుకు తీశాడు. బండెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత కొంతకాలానికి ఆయన తన జీవితంలోని నవ్వుల సంగతులన్నీ పుస్తకంగా వేయించాడని తెలిసింది. ఊరంతా చదివింది. నేను చదవలేదు. ఎందుకు చదవాలి? మా ఇంట్లో అన్నం తిన్న మనిషి నాకొక ప్రతి పంపించాడా? లేదు. పంపేదాకా ఆ పుస్తకం ముట్టనని ఒట్టుపెట్టుకున్నాను. ఈ సంగతి ఆయనకు తెలియదు. నా ఒట్లలో చాలావాటికి ఇదే చిక్కు, అవతలివాళ్ళకు తెలియవు.

ఏళ్ళు గడిచాయి. అరవైల మధ్యలో ఒక ముసురు రోజున మా ఊరి గ్రంథాలయంలో చిక్కుకుపోయాను. పేపరు ఇంకొకాయన చేతిలో ఉంది. గ్రంథాలయం చూసే దేవదానం గారు నా అవస్థ గమనించి, ఆ పుస్తకమే తెచ్చి నా ముందు పెట్టారు.

"ఊరికే కూర్చోనుండే బదులు ఇది చదువు పెంచలయ్యా. వాన ఎప్పుడు నిలిచిందో కూడా తెలియదు."

ఒట్టు నా అంతట నేను ముట్టకూడదనే గాని, పెద్దాయన తెచ్చిపెడితే కాదనమని కాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని పుస్తకం తెరిచాను.

ఒప్పుకోవాలి, బాగుంది. నాకు నవ్వొచ్చింది. దేవదానం గారు కళ్ళద్దాల మీదుగా చూసేసరికి దాన్ని దగ్గుగా మార్చాను. అట్లా దగ్గుకుంటూ దగ్గుకుంటూ సగం దాకా వచ్చాను. అక్కడ కుడివైపు పుట అడుగున ఇట్లా ఉంది:

"నెల్లూరు జిల్లా సముద్రతీరాన ఒక పల్లెలో, ఒక మీసాల ఆసామి ఇంట నాకు భోజనం. చేపల పులుసు పోశారు. ఎప్పటిదండీ అని అడిగాను. నిన్నటిది, అన్నాడాయన మీసం దువ్వుకుంటూ. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ చేప బతికుండగానే నామీద పగబట్టినట్టుంది."

నెల్లూరు. సముద్రం. మీసాలు. నిన్నటి పులుసు. ఇంకేం సాక్ష్యం కావాలి? పుస్తకం టపీమని మూసి బల్లమీద పడేసి, వానలోనే ఇంటికి నడిచాను.

"ఏందయ్యా, గొడుగు చంకలో పెట్టుకోని తడస్తా వస్తావుండావు?" అంది రమణమ్మ.

"ఆ గవర్రాజు మనింటి పులుసు సంగతి పుస్తకంలో రాసినాడే."

ఆమె మొహం వెలిగిపోయింది. "నిజంగానా! ఏమని రాసినాడు?"

తెలివైన మగవాడు ఇక్కడ "బాగుందని" అనేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోతాడు. నేను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. అవమానాలు నాకు ఒక్కసారి చదివితే కంఠతా వస్తాయి. చేప పగబట్టిన చోట గొంతు కూడా మార్చాను.

రమణమ్మ లోపలికి పోయి, మట్టి దాక కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అటక మీద బోర్లించింది.

"ఆ మనిషి నా ఎదురుగా నిలబడి, తప్పయిందమ్మా అని చెప్పిందాకా ఇది కిందికి దిగదు."

"ఆయన యాడ, మనం యాడ? ఆయన మళ్ళా మనూరికి ఎప్పుడొస్తాడే?"

"రాకుంటే దిగదు. అంతే."

పొరుగూరి నుంచి కూడా పెళ్ళివాళ్ళు వచ్చి మా ఆవిడ చేత పులుసు వండించుకుపోయేవాళ్ళు. వాళ్ళందరికీ ఆమె "చెయ్యి నొప్పి" అని చెప్పి పంపేసింది. నా సంగతి చెప్పనక్కరలేదు. సముద్రం హోరు వినపడుతుంటే, ఎదురుగా బీరకాయ కూర పెట్టుకుని కూర్చునే మనిషిని ఊహించుకోండి. చేపలమ్మే పోలమ్మకు అనుమానం వచ్చింది.

"ఏమన్నా, ఇంట్లో ఎవురికన్నా ఒంట్లో బాగాలేదా? గంప దించమనేవాళ్ళే లేరు!"

"పథ్యం" అన్నాను.

"ఎవురికి?"

"దాకకు."

పోలమ్మ నన్నొకసారి ఎగాదిగా చూసి, గంపెత్తుకుని పోయింది.

ఈ అవమానం బయటికి పొక్కకూడదని మొగుడూ పెళ్ళాం ఇద్దరం నోరు విప్పలేదు. విప్పి ఉంటే, పుస్తకం పూర్తిగా చదివిన ఊరు కదా, ఎవరో ఒకరు నన్ను కాపాడేవాళ్ళు.

వేసవిలో దేవదానం గారు వీధిలో ఎదురొచ్చి, "గ్రంథాలయం వార్షికోత్సవానికి గవర్రాజు గారు వస్తానన్నారయ్యా!" అన్నారు. ఆయన కళ్ళు మెరిశాయి. నావి అంతకంటే ఎక్కువ మెరిశాయి, కారణం వేరు.

సభ బడిలో పెట్టారు. నేను మీసాలకు నూనె రాసుకుని వెళ్ళాను. రమణమ్మ ఆడవాళ్ళలో ముందు వరసలో కూర్చుంది. గవర్రాజు గారు మాట్లాడుతుంటే జనం పొట్టలు పట్టుకుంటున్నారు. ఆయన మంచినీళ్ళు తాగడానికి ఆగిన అదును చూసి నేను లేచాను.

"అయ్యా, నాదొక ఫిర్యాదు!"

"పెంచలన్నా, నీ కాలవ గొడవ రేపు చూసుకుందాం, కూర్చో నాయనా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. (ఎవడో కాదు, నాకు తెలుసు. గుర్తుపెట్టుకున్నాను.)

"కాలవ కాదు, పులుసు!" అన్నాను. సభ సద్దుమణిగింది. "తమరు మా ఇంట్లో తిన్నారు. తిని, మా ఆడమనిషి చేతి పులుసును పుస్తకంలోకి ఎక్కించి లోకాన్ని నవ్వించినారు. ఆ మీసాల ఆసామిని నేనే! ఇయ్యే ఆ మీసాలు!"

రెండుచేతులా పట్టి చూపించాను కూడా.

గవర్రాజు గారు తికమకపడి పుస్తకం తెప్పించారు. నేనే ఆ పుట తీసి, వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడిదాకా చదివారాండీ?"

"చదివినాను."

"తర్వాత?"

"మూసేసినాను. రోషమున్న మనిషి ఇంకా చదవతాడా?"

"ఒక్కసారి ఆ పుట తిప్పి, పైకి చదవండి."

తిప్పాను. మంచి గంభీరమైన గొంతుతో మొదలుపెట్టాను. "పులికాటు సరస్సు ఒడ్డున ఉండే ఆ ఆసామి ఒంటిగాడు. వంట తనే చేసుకుంటాడు. పులుసులో ఉప్పు వేశాడు, కారం వేశాడు, చేపను శుభ్రం చేయడం మాత్రం..." చివరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

జనం నవ్విన నవ్వుకు బడి పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. ఆ పైకప్పు కోసమే కదా మొదట ఆయన్ని పిలిపించుకున్నది.

"మరి... మా ఇల్లు?" అన్నాను.

"మీ ఇల్లు ఈ పుస్తకంలో లేదండీ."

నేను కూర్చున్నాను. రమణమ్మ లేచింది.

"ఏంది సామీ! నా పులుసు గురించి ఒక్క మాట గూడా రాయలేదా?"

"లేదమ్మా."

"తిన్నారా, లేదా?"

"అడిగి అడిగి వేయించుకుని తిన్నానమ్మా. ఆ రుచి ఇంకా మర్చిపోలేదు. కాని నేను రాసింది నవ్వుల పుస్తకం. మీ ఇంట్లో భోజనం బాగుంది, మంచం బాగుంది, బండి కూడా వేళకు వచ్చింది. నవ్వడానికి నాకక్కడ ఏం దొరుకుతుంది చెప్పండి?"

"నవ్వు రాకుంటే రాయకూడదా?"

గవర్రాజు గారు చేతులు జోడించారు. "తప్పయిందమ్మా."

"అట్టయితే రేపు మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం" అంది రమణమ్మ. సభ ముగిసేదాకా ఆగలేదు. పోలమ్మను వెంటబెట్టుకుని ఇంటికి నడిచింది. నేను వెళ్ళేసరికి దాక పొయ్యి మీద ఉంది, వీధి చివరిదాకా వాసన.

మర్నాడు ఆయన తిన్నారు. నేనూ తిన్నాను. ఎవరు ఎక్కువ తిన్నారో చెప్పలేను, ఇద్దరం తలెత్తలేదు. వెళ్ళేటప్పుడు బండెక్కి నా భుజం మీద చెయ్యి వేశారు.

"పెంచలయ్య గారూ, పోయినసారి మీ ఇంట్లో నవ్వడానికి ఏమీ దొరకలేదన్నాను కదూ? ఈసారి దొరికింది."

ఏదో మర్యాదకు అంటున్నాడనుకుని నేను కూడా నవ్వాను.

ఆ పుస్తకం మళ్ళీ అచ్చయింది. కొత్తగా ఒక అధ్యాయం చేరింది. నా పేరు, మా నాన్న పేరు, మా ఊరు, ఏదీ వదల్లేదు. పులుసుకు ఒకే ఒక్క వాక్యం, బంగారంలాంటిది. మిగతా అధ్యాయమంతా నా మీసాలే. రమణమ్మ ఆ వాక్యం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చదివి వినిపిస్తుంది. వాళ్ళు మిగతాదంతా తమంతట తామే చదువుకుంటారు.

కాబట్టి, మా చేలకు పారే పెన్నమ్మ నీళ్ళ సాక్షిగా, అటక దిగిన మా దాక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పుట తిప్పకుండా ఏ మనిషి మీదా కోపం తెచ్చుకోను. తిప్పి చూసి, ఆ తర్వాతే తెచ్చుకుంటాను.

ఆ కొత్త అచ్చు మాత్రం నేనింకా ముట్టలేదు. నా మీసాల మీద అన్ని పుటలు రాసుకున్న మనిషి ఈసారి కూడా నాకొక ప్రతి పంపలేదు.