ఎరువు గుంత దగ్గర దేవుడు నా నోరు మూయించిన సంగతి

మన సంఘ పత్రిక చదివే సహోదరులారా, సహోదరీలారా, సుగుణ సాక్ష్యం రాసిందంటే దాజీ పేటలో సగం మంది ముందు నవ్వుతారు, మిగతా సగం మంది ఈసారి ఎవరిని తిట్టిందో అని వెతుకుతారు. వెతకనక్కరలేదు, ఈసారి నన్నే.

హోట్గి రోడ్డు దాటి చాలా దూరం పోతే మా మామగారు కొన్న మూడెకరాల నల్లరేగడి ఉంది. నా భర్త యేసుదాసు మగ్గం పని చూసుకుంటూనే అందులో పత్తి వేసేవాడు. ఒక ఏడు పచ్చపురుగు పడి కాయలన్నీ తొలిచేస్తుంటే నేనే బజారుకు పోయి మందు తెచ్చాను. పంపుకు ఒక మూత చాలని దుకాణదారు అంటే, బి.ఎస్సీ చదివినదాన్ని కదా, అతనితో వాదించి రెండు మూతలని నేనే తీర్పు చెప్పి, నా చేతులతో కలిపి, నా చేతులతోనే భర్త వీపుకు పంపు ఎత్తాను. ఆ రోజు ఎదురుగాలి. మధ్యాహ్నానికి గట్టు మీద పడిపోయాడు, నోట్లో నురగ, కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. టెంపోలో వేసుకొని ఆసుపత్రికి తెచ్చాం. పదకొండు రోజులు ఆ మంచం పక్కన కూర్చున్నాను, మొదటి మూడు రోజులు డాక్టరు నా ముఖం చూసి మాట్లాడలేదు.

అప్పుడు చేసిన ప్రార్థన ఇప్పటికీ గుర్తుంది. "ప్రభువా, గీ మనిషిని చంపింది పురుగుమందు గాదు, నా నోరు. నాకు వాపసు ఇయ్యి. మా చేన్ల ఇంక విషం చుక్క పడనియ్య."

పన్నెండో రోజు నా భర్త తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చాడు. దేవునికే మహిమ. నా నోరు మాత్రం నాతోనే ఇంటికొచ్చింది, అసలు సాక్ష్యం అక్కడే మొదలవుతుంది.

మందు మానేసిన మరుసటి ఏడు పుణె నుంచి ఒక సేవా సంస్థ వాళ్ళు మన మందిరం వసారాలో కూర్చొని చెప్పారు: విషం లేని పత్తికి బయటి దేశాల్లో గిరాకీ ఉంది, కానీ మా చేలో మందు లేదని మనం నోటితో అంటే ఎవరూ నమ్మరు, దానికి సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కు నియమాలు ఉన్నాయి. రసాయనం ఆపిన నాటి నుంచి మూడేళ్ళు చేను శుద్ధి కావాలి. ఏం వేశామో, ఏ తేదీన వేశామో డైరీలో రాయాలి. పక్క చేలో మందు కొడితే అదీ రాయాలి, ఆ గట్టు వెంట కొంత నేల వదలాలి. యూరియా గోణీలో పత్తి నింపకూడదు. బయటి వస్తువేదైనా ముందు అడిగి, ఒప్పుకున్నాకే చేలో వేయాలి. మాకు వేపపిండి, వానపాములు ఇస్తామన్నారు, కషాయాలు కాయడం నేర్పిస్తామన్నారు. తొమ్మిది కుటుంబాలు గుంపుగా చేరాం, సర్టిఫికెట్ అందరికీ కలిపి ఒక్కటే, ఒకరు దాచితే అందరిదీ పోతుంది. డైరీ రాసే పని చదువుకున్నదాన్నని నాకు అప్పగించారు. చేతికి కర్ర దొరికినట్టయింది.

మా చేను పక్కనే మా గుంపులోని బాలమ్మక్కకు ఎకరం ఉంది. భర్త లేడు, భవాని పేటలో బీడీలు చుట్టి బతుకుతుంది, తెల్లారగానే చేనికి పోతుంది. మొదటి పత్తి ఏరేటప్పుడు ఆమె ఉతికి ఆరేసిన యూరియా గోణీలో పత్తి తెచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక వసారాలో అందరి ముందూ ఆమెను నిలబెట్టి, నీకు దేవుని భయం లేదన్నాను, మా అందరి కడుపు కొడతావన్నాను, గుంపులోంచి పేరు కొట్టేశాను. ఆమె ఒక్క మాటే అంది: "మూడు పాలి ఉతికిన, సుగుణా." ఆ తర్వాత ఆమె మందిరానికి రావడం మానేసింది. మూడుసార్లు ఉతికిందన్నా నాకు కొంచెం కూడా బాధ కలగలేదు, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను.

అంతటితో ఆగలేదు. ఈమె మందు కొట్టకుండా ఉంటుందా, ఎప్పుడో దొరక్కపోతుందా అని ఆ చేనును కాపు కాసి, వెళ్ళిన ప్రతిరోజూ డైరీలో రాశాను, "పక్క చేలో మందు కొట్టలేదు" అని, పళ్ళు కొరుక్కుంటూ రాశాను.

మూడో ఏడు సర్టిఫికెట్ కోసం తనిఖీ సాహెబ్ వస్తాడన్న వారంలో, వసారాలో అందరినీ కూర్చోబెట్టి నియమాల మరాఠీ పుస్తకం చదువుతూ తెలుగులో చెప్తున్నాను. బూజు పట్టకుండా కలిపే రసాయనాలు ఏవీ ఎరువులోకి రాకూడదు అనే వాక్యం చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే మా గల్లీలో మగ్గాల పడుగుకు పట్టించగా మిగిలిన గంజి పారబోస్తారు కదా, జొన్నపిండి గంజి, నేలకు బలమని నా భర్త దాన్ని డబ్బాల్లో సైకిల్ మీద తెస్తే రెండేళ్ళుగా మా ఎరువు గుంతలో పోస్తున్నాను. ఆ గంజి బూజు పట్టకుండా మేము మోర్‌చూద్ వేస్తాం, అదే మైలుతుత్తం, నీలం రంగు గడ్డలు. పుట్టినప్పటి నుంచి గంజి కుండ పక్కన ఆ నీలం గడ్డ చూస్తున్నాను, కాలేజీలో దాని పేరు పరీక్షలో రాశాను, అయినా అది మందు అని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఉతికిన గోణీకి బాలమ్మక్కను వెళ్ళగొట్టినదాన్ని, డబ్బాలకు డబ్బాలు నేనే పోశాను.

ఇంటికెళ్ళి చెప్తే నా భర్త అన్నాడు: "సాహెబ్ గుంతల దిగి నాకి చూస్తడా ఏంది? నువ్వు ఒక్కపాలి నోరు మూసుకుంటే అందరు బతుకుతరు. ఎన్నడు మూసుకోలే, గిప్పుడన్న మూసుకో."

రెండు రోజులు మూసుకున్నాను. సహోదరులారా, అబద్ధం చెప్పనవసరం కూడా లేదు, ఊరికే ఉంటే చాలు. మూడో రోజు మోకాళ్ళూని, "ప్రభువా, చెప్తె ఎనిమిది ఇండ్లు మునుగుతయి, చెప్పకుంటె నేను మునుగుత, ఏం జెయ్యాలె?" అని అడిగాను. జవాబుగా నాకు వినిపించింది, నా చెవులతో వినలేదు కానీ వినిపించింది, "మూడు పాలి ఉతికిన, సుగుణా" అన్న మాటే.

లేచి భవాని పేటకు నడిచాను. బాలమ్మక్క ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది, తల ఎత్తలేదు. గుమ్మంలోనే కూర్చొని అంతా చెప్పి, క్షమించమన్నాను. ఆమె ఒక బీడీకి దారం చుడుతూ అంది: "నాది ఒక్క ఖాళీ గోణీ. నీది నిండు గుంత." మళ్ళీ ఆమే చాట దించి, "సాహెబ్ ఎప్పుడొస్తడు? నేను గూడ వస్త. నువ్వొక్కదానివే చెప్తె ఆయనతోటి గూడ లొల్లి పెట్టుకుంటవ్," అంది.

తనిఖీ రోజు ఎనిమిది కుటుంబాల వాళ్ళమూ, బాలమ్మక్కా ఎరువు గుంత చుట్టూ నిలబడ్డాం. నేను గంజి సంగతి, మోర్‌చూద్ సంగతి చెప్పాను. సాహెబ్ కోప్పడలేదు, ఎరువు చేలో ఏ చెక్కలో ఎన్ని బండ్లు పోశారని అడిగాడు. డైరీలో తేదీలతో సహా ఉంది, అంతా కింది ఎకరన్నరలోనే. ఆయన ఆ చెక్క చుట్టూ పెన్నుతో గీత గీశాడు: ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు. మిగతా అందరి చేలూ, నా చేలో పై చెక్కా ముందుకు పోవచ్చు. మీరు దాచి ఉంటే, తర్వాత బయటపడితే, మొత్తం గుంపుకే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళం కాము అన్నాడు.

తర్వాత డైరీ తిరగేస్తూ బాలమ్మ పేరు ఎందుకు కొట్టేశారని అడిగాడు. గోణీ సంగతి చెప్పాను. ఆ గోణీలో పత్తి వరకే వేరుగా పెడితే చాలు కదా, మనిషిని తీసేయమని ఏ కాగితంలో ఉంది అన్నాడు. నేను మూడేళ్ళు చేత పట్టుకు తిరిగిన పుస్తకంలో లేదు. దేవుని పేరు మీద, నియమం పేరు మీద నేనే కలిపాను, ఒక మూత చాలన్న చోట రెండు మూతలు.

బాలమ్మక్కకు డైరీ లేదు, ఏ ఆధారంతో తీసుకోవాలని ఆయన ఆలోచిస్తుంటే, నా డైరీలో పేజీ వెంట పేజీ, రెండేళ్ళు, "పక్క చేలో మందు కొట్టలేదు" అని ఉంది. ఆమెను పట్టుకోవాలని నేను కాసిన కాపు ఆమెకు సాక్ష్యమైంది. కింద ఎనిమిది కుటుంబాల వాళ్ళూ సంతకాలు పెట్టారు, ఆ ఏళ్ళు ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. నా ద్వేషాన్ని కూడా దేవుడు పారేయకుండా వాడుకున్నాడు, ఆయనకే స్తోత్రం!

నా కింది చెక్కకు ఇది రెండో ఏడు. బాలమ్మక్క ఎకరానికి సర్టిఫికెట్ వచ్చేసింది. ఇప్పుడు గుంపులో అందరి గుంతలూ చూసే పని ఆమెది, చదువు రాదు కాబట్టి కర్రతో కెలికి వాసన చూస్తుంది.

మీలో ఎవరికైనా చేను ఉంటే, మందుకు భయపడుతూనే మానలేక ఉంటే, ఆదివారం ఆరాధన తర్వాత వసారాకు రండి, అర్జీ కాగితాలు ఉన్నాయి, వానపాములు మా దగ్గరే తీసుకోవచ్చు, నియమాలు నేను చదివి చెప్తాను, పుస్తకంలో ఉన్నంత వరకే చెప్తాను. చేను లేకపోయినా రండి, మనలో ప్రతివాళ్ళకూ ఒక గుంత ఉంటుంది, అందులో ఏం పోశామో దేవుని ముందు చెప్పేస్తే ఆయన గీత గీసి మిగతాది బతికిస్తాడు, నన్ను చూసి నమ్మండి.

ప్రతి శుక్రవారం బాలమ్మక్క మా గుంత దగ్గరికి వచ్చి కర్ర ఆనించి, "ఇయ్యాల ఏం పోసినవ్, సుగుణా?" అని అడుగుతుంది. నేను వాదించకుండా చెప్తాను.