నీళ్లలో మా వికెట్లు

పొద్దున మా చిన్నాన్న కొడుకు నా ఫోన్‌కు ఒక ఫోటో పంపి, "ఇది యాడో చెప్పక్కా సూద్దాం" అన్నాడు. నిండు చెరువు, నీళ్ల మధ్య రెండు రాతి స్తంభాలు. చూడగానే ఎగిరి గంతేయబోయాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆ కరువు రోజుల్లో, మా ట్రంకుపెట్టె అడుగున ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. చూడటానికి వీధంతా మా అరుగు మీదే ఎగబడింది.

"ఇదిగో మనూరి గుట్ట!"

"గుట్టలు యాడ లేవప్పా? మన చెరువులో ఇన్ని నీళ్లు ఎప్పుడుండాయి?"

వాదులాట ముదురుతుంటే నేను పెద్దవాళ్ల చేతుల కిందినుంచి తల దూర్చాను. నీళ్ల మధ్య రెండు రాళ్లు. ఎడమదానికి పైమూల విరిగిపోయి ఉంది. ఆ రాళ్ల ముందు బ్యాటు పట్టుకుని నేను ఎన్నిసార్లు అవుటయ్యానో!

"అవి మా వికెట్లు!" అని అరిచాను. "మా గ్రౌండును ఎవురు ముంచినారు నాయనా?"

అరుగంతా ఒకటే నవ్వు.

"వికెట్లు కాదు పాపా, తూము రాళ్లు," అన్నాడు నాయన. "చెరువు నీళ్లు మళ్లకు ఇడిసేది ఆడినుంచే."

నేను నమ్మలేదు. నాకు తెలిసిన చెరువు నిండా దుమ్మే మరి. అయినా ఫోటో మా ఊరిదేనని తేల్చింది నేనే అని వారం రోజులు వీధిలో గొప్పలు పోయాను.

ఇప్పుడు ఫోన్‌లో బొమ్మను పెద్దది చేసి చూస్తే, ఎడమ రాయికి అదే విరిగిన మూల కనిపించింది. "మా వికెట్లు!" అని తమ్ముడికి జవాబు పెట్టి, "మరి పిల్లోళ్లు యాడ ఆడుకుంటాండారు?" అని అడిగాను.

"ఆడనే అక్కా. ఈత నేర్చుకుంటాండారు."