పెళ్ళికి ముందు లేని జబ్బు

అరవైల నాటి మాట. పాతికేళ్ళు నిండని మా అక్కకు రక్తపోటు మితిమీరి చూపు మసకబారితే ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు ఆమె కడుపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే, ఒక మూత్రపిండానికి రక్తం తీసుకుపోయే నాళం సన్నబడిందని తేలింది. రక్తపోటుకు అదే కారణమా, కాదా అన్నదే ఆయనకు మిగిలిన సందేహం.

"ఈ ప్రెషరు ఎప్పట్నించి ఉండాదమ్మా?" అని అమ్మను అడిగాడు.

మంచానికి అటువైపు అక్క అత్తగారు నిలబడి ఉంది. అమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, "పెండ్లికి ముందు ఏమీ లేదు సామీ. ఈ ఏడే వచ్చింది," అంది.

పచ్చి అబద్ధం. పెళ్ళికి చాలా ముందే, మేముండే నగర్తపేటలో మా ఇంటి డాక్టరు అక్కకు ప్రెషరు చూసి, ఉప్పు మానెయ్యమన్నాడు. జబ్బుపిల్లను అంటగట్టారనే మాట పడాల్సివస్తుందని అమ్మ భయం. అక్క కళ్ళు మూసుకుంది.

కొత్తగా వచ్చిందంటే ఆ నాళం వల్లనే అయివుంటుందని డాక్టరు ఆ మూత్రపిండం తీసేశాడు. ప్రెషరు దిగలేదు. ఏళ్ళ తరబడి ఉన్న పోటు రెండో మూత్రపిండాన్నీ అప్పటికే పాడుచేసిందని తర్వాత చెప్పాడు. అక్క ఇంటికి రాలేదు.

కర్మ నాటి భోజనాల దగ్గర అత్తగారు అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసు వదినా. కాపురానికొచ్చిన దినమే ఉప్పులేని సంగటి అడిగింది. డాక్టరు ముందర నీ మర్యాద తీసేదెందుకని ఊరకుంటి."

నేను విస్తరి వదిలేసి లేచిపోయాను.