ముక్కు మాస్టారి ముక్కు పోయిన రోజులు

ముక్కు మాస్టారి మాటెత్తితే నాకు ఇప్పటికీ ముందు కోపం వస్తుంది. కళ్ళలో నీళ్ళు తిరిగేది ఆ తర్వాతే. మనిషి పోయి ఆరేళ్ళయింది. మా సబ్బుల ఫ్యాక్టరీ మూతబడి పదేళ్ళు. ఆ షెడ్డులో ఇప్పుడెవరో ప్లాస్టిక్ గొట్టాలు నిల్వ చేసుకుంటున్నారు. అయినా బస్సు ఆ రోడ్డు మీదుగా వెళ్తుంటే నా మొహం దానంతటదే కిటికీ వైపు తిరుగుతుంది. ఏ వాసనా రాదు. వస్తుందని ఎందుకనుకుంటానో నాకే తెలియదు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు లేకపోలేదు గానీ, జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా వినపడేది కాదు. ఆయన ఉద్యోగం వాసన చూడటం. కలిపే గదిలో పెద్ద బానల్లో సబ్బు ఉడికి, అందులో అత్తరు పడి, అచ్చుల్లో గట్టిపడి ముక్కలయ్యాక, ప్రతి బ్యాచి నుంచీ ఒక మచ్చు ముక్క ఆయన బల్ల మీదకు వచ్చేది. కళ్ళు మూసుకుని రెండుసార్లు పీల్చేవారు. చీటీ మీద "సరే" అని రాస్తే ఆ బ్యాచి కాగితాలు చుట్టించుకోవడానికి మా దగ్గరికి వచ్చేది. రాయకపోతే మళ్ళీ బానలోకే. అత్తరు రెండు చుక్కలు తక్కువ పడినా, నూనె పాత డబ్బాలోదైనా, మంట ఎక్కువై అడుగంటినా ఆయనకు ఇట్టే తెలిసిపోయేది. ఒకసారి ముక్క చేతిలో పట్టుకునే, "ఇవాళ కొత్త చీపురు తీసినట్టున్నారే" అన్నారు. నిజమే, ఊడ్చే అవ్వ ఆ పొద్దున్నే తీసింది. ఆమె వారం రోజులు ఆయనకు దూరంగా తిరిగింది, ఇంకేం కనిపెడతాడోనని.

నేను కాగితాలు చుట్టేదాన్ని. నా బల్ల ఆయన బల్లకు ఎదురుగా ఉండేది. మచ్చు ముక్కను పళ్ళెంలో పెట్టి ఆయనకు అందించడం కూడా నా పనే. ఆ ముక్క తెచ్చుకోవడానికి కలిపే గది గుమ్మం దాకా వెళ్ళాలి. అక్కడే వచ్చింది చిక్కంతా. కలిపే గదిలో ఉన్నది మా అన్నయ్య.

సొంత అన్నయ్యే. అమ్మ పోయాక ఆవిడ కుట్టు మిషను నాకు ఒక్క మాటైనా చెప్పకుండా తన మరదలికి, అంటే మా వదిన చెల్లెలికి, ఇచ్చేశాడు. అమ్మ కాలు ఆడినంత కాలం ఆడిన మిషను అది. నేను నాలుగు మాటలన్నాను, వాడు ఎనిమిది అన్నాడు, మా వదిన పదహారు అంది. అంతే, అయిదేళ్ళు మాటల్లేవు. ఒకే కప్పు కింద పనిచేస్తూ, "ఆ చుట్టే ఆవిడకు చెప్పండి" అని వాడు, "ఆ కలిపే ఆయన్ని అడగండి" అని నేను. మచ్చు ముక్కను గుమ్మం పక్క కిటికీ అరుగు మీద పెట్టి వాడు లోపలికి పోయేవాడు. వాడి వీపు కనపడ్డాకే నేను వెళ్ళి తీసుకునేదాన్ని. అంత పంతం నాకు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం గర్వంగానే ఉండేది.

ఆ రోజుల్లోనే మాస్టారికి జ్వరం వచ్చింది. రెండు వారాలు పడుకుని లేచి, చెంపలు పీక్కుపోయి వచ్చారు. వచ్చిన మూడో రోజున నేనొక పొరపాటు చేశాను. గులాబీ చీటీతో పాటు నిమ్మ ముక్క పెట్టిన పళ్ళెం అందించాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండుసార్లు పీల్చారు. చీటీ మీద "గులాబీ, సరే" అని రాశారు.

చీటీ వెనక్కి లాక్కుని, పళ్ళెం మార్చి, "మాస్టారూ, ఇదీ ముక్క" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. ఆయన చేతులు బల్ల కిందకు వెళ్ళిపోయాయి, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా.

ఆయన పదవీ విరమణకు ఇంకా రెండున్నరేళ్ళుంది. పక్షవాతంతో మంచం పట్టిన భార్యతో ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉండేవారు. వాసన తెలియని వాసన మాస్టారిని ఎవరు ఉంచుకుంటారు? ఉద్యోగం పోయిన నెలకే ఇల్లు ఖాళీ చేయాలి. కదిలిస్తే మూలిగే మనిషిని ఏ అద్దె కొంపకని మోసుకెళ్తారు?

మంచి చెడ్డా చెప్పే ముక్కు నాకూ కాస్త ఉంది. పన్నెండేళ్ళు సబ్బు మధ్య బతికాను మరి. కానీ ఏ బ్యాచిలో ఏం పడిందో, ఎంత పడిందో తెలియకపోతే నా ముక్కు అక్కరకు రాదు. అది తెలిసింది ఒక్కడికే. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేను వాడి వీపు కోసం ఆగలేదు. తిన్నగా గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

"మాస్టారి ముక్కు పోయింది" అన్నాను. అయిదేళ్ళ తర్వాత మా అన్నయ్యతో నేనన్న మొదటి మాట అది.

వాడు తెడ్డు ఆపాడు. "ఎంత కాలముంది ఆయనకి?"

"రెండున్నరేళ్ళు."

వంగి బాన కింద మంట తగ్గించాడు. కొత్తగా చేరిన రోజుల్లో వీడు మాడబెట్టిన బానను మేనేజరు కంట పడకుండా మాస్టారు సర్దేశారని నాకు తెలుసు. "సరే. పొద్దున్నే రా. ఏం కలిపానో చెప్తాను" అన్నాడు.

అలా మొదలైంది. ముక్క బాగుంటే పళ్ళేన్ని ఆయన కుడి చేతి వైపు పెట్టేదాన్ని, బాగుండకపోతే ఎడమ వైపు. ఇదేంటని ఆయన ఒక్కసారీ అడగలేదు. రెండో రోజుకే అర్థం చేసుకున్నారు. కళ్ళు మూసుకోవడం, రెండుసార్లు పీల్చడం మాత్రం మానలేదు. నాకు నవ్వాగేది కాదు.

వారం తిరిగేసరికి హాలంతటికీ తెలిసిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యా చెప్పలేదన్నాడు. మరెలా తెలిసిందంటే ఏం చెప్పను, మనుషులు. కోసేవాళ్ళు, అచ్చు వేసేవాళ్ళు, చుట్టేవాళ్ళు, అవ్వతో కలిపి ఇరవై మందిమి. ఒక్కరూ నోరు జారలేదు. తోటి మనిషి రుమాలు పోతే తీసినవాడి పేరు పన్నెండు చోట్ల చెప్పే జనం మేము. పైగా వెనక చూసుకునే ముక్కు లేదు గనక ఎవరి పని వాళ్ళే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుకునేవాళ్ళు. పాత నూనె డబ్బా మూత తీసి అన్నయ్యే మొహం తిప్పుకుని పక్కన పెట్టేసేవాడు. ఆ రెండేళ్ళలో వచ్చినంత మంచి సబ్బు మా ఫ్యాక్టరీలో అంతకు ముందెప్పుడూ రాలేదు. ఒక్క అబద్ధం నిలబెట్టడానికి ఇరవై మందిమి అంత నిజాయితీగా పనిచేశాం.

ఇక మా అన్నయ్య సంగతి. మొదటి నెల సబ్బు మాటలే. "ఇవాళ నిమ్మ, నూనె కొత్తది." "ఊఁ." తర్వాత, "గొంతు బొంగురుపోయిందేమే?" తర్వాత, "పిల్ల పరీక్షలెలా రాసింది?" ఒకరోజు మా వదిన చేసిన ఊరగాయ సీసా కాగితంలో చుట్టి నా పళ్ళెంలో పెట్టాడు. "చుట్టడం నీకు రాదురా అన్నయ్యా" అని విప్పి మళ్ళీ చుట్టాను. గుమ్మంలో నిలబడి ఇద్దరం పడీ పడీ నవ్వాం. మిషను సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈనాటికీ ఎత్తలేదు.

మధ్యలో ఒకసారి నాకు జలుబు చేసింది. ముక్కు దిబ్బడ వేసి ఏమీ తెలియడం లేదు. అన్నయ్య "బాగానే ఉంది" అన్నాడు గదా అని పళ్ళెం కుడి వైపు పెట్టాను. మాస్టారు ముక్కను అటూ ఇటూ తిప్పి, "అచ్చు సరిగ్గా పడలేదమ్మాయ్, అక్షరాలు అలుక్కుపోయాయి, వెనక్కి పంపు" అన్నారు. నాకు అక్షరాలు బాగానే కనిపించాయి. చాదస్తం అనుకున్నాను. ఆ బ్యాచి అడుగంటిందని మధ్యాహ్నం అన్నయ్య నెత్తి కొట్టుకుంటూ వచ్చి చెప్పాడు. మన అదృష్టం బాగుందనుకున్నామే గానీ, ఇద్దరిలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

మాస్టారికి ఇంకా నాలుగు నెలలుందనగా కొత్త మేనేజరు వచ్చాడు. చెవులు చురుకైన మనిషి. ఎక్కడ ఏం విన్నాడో, ఒక మధ్యాహ్నం మాస్టారిని తన గదికి పిలిచాడు. రాసుకోవడానికని నన్నూ పిలిచాడు. బల్ల మీద తెల్ల కాగితాల్లో అయిదు ముక్కలున్నాయి.

"నువ్వు ఆయన వెనక్కి వెళ్ళి నిలబడు" అన్నాడు నాతో.

అయిపోయింది అనుకున్నాను. ఆయన భుజాలు తప్ప నాకేం కనిపించడం లేదు, ఆయనకు నేనసలే కనిపించడం లేదు. మంచం మీద ఉన్న ఆవిడ కళ్ళ ముందు మెదిలింది.

మాస్టారు మొదటి ముక్క ఎత్తి రెండుసార్లు పీల్చారు. "గులాబీ. అత్తరు సగమే పడింది." రెండోది. "నిమ్మ. బాగుంది." మూడోది. "ఇందులో అత్తరే కలపలేదు." నాలుగోది. "నూనె పాతది." అయిదోది ఎత్తి, వాసన చూసి, నెమ్మదిగా కింద పెట్టారు. "ఇది మన సబ్బు కాదండీ. మీ ఇంట్లోదై ఉంటుంది."

మేనేజరు ఆపుకోలేక నవ్వేశాడు. లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను మాత్రం రాయడం మరిచిపోయి అలా కొయ్యబారిపోయాను.

హాల్లోకి రాగానే అందరూ నా మీద పడ్డారు. "ఎలా అందించావే, వెనక నిలబడి?" "దగ్గావా? కాలితో తట్టావా?" అన్నయ్య కలిపే గదిలోంచి పరిగెత్తుకొచ్చి, "నువ్వుండగా ఆయనకేం కొదవే" అంటూ నా తల మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు వేసిన తర్వాత మళ్ళీ అప్పుడే. నేనేం చెప్పాలి? "ఏదోలే, అయిపోయిందిగా" అని గొణిగాను. చెయ్యని పనికి ఇరవై మంది మెప్పు నెత్తినేసుకున్నాను. లోపల మాత్రం ఒళ్ళు భగ్గున మండిపోతోంది.

మర్నాడు అన్నం తినే వేళ, హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"ఎప్పుడొచ్చింది మాస్టారూ?"

ఆయన తప్పించుకోవాలని చూడలేదు. "ఏడాదిన్నరయింది అమ్మాయ్. జ్వరం తగ్గిన ఎనిమిది నెలలకి. ఒక పొద్దున మా ఆవిడ కాళ్ళకి మందు నూనె రాస్తుంటే గుప్పుమని కొట్టింది. అంత కంపుది ఇంకోటుండదు. ఆ నూనె గిన్నె పక్కనే కూర్చుని ఏడ్చాను."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా. నా ఉద్యోగం, మా అన్నయ్య ఉద్యోగం పణంగా పెట్టి రోజూ పళ్ళెం మోశాను. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశారా?"

"చేశాను" అన్నారు. "చెప్దామనే వచ్చానమ్మా ఆ పొద్దున. గబగబా వచ్చాను. వచ్చేసరికి మీ ఇద్దరూ ఆ గుమ్మంలో నిలబడి, ఏదో సీసా పట్టుకుని, నవ్వుకుంటున్నారు."

నా చూపు కలిపే గది గుమ్మం వైపు పోయింది.

"అయిదేళ్ళు నా బల్ల ముందే ఎడమొహం పెడమొహంగా తిరిగారు. నా ముక్కు తిరిగొచ్చిందంటే రేపణ్ణించి మీకు మాట్లాడుకునే పనేం ఉంటుంది? రేపు చెప్దాంలే అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. అంతే." చీటీల కట్ట సర్దుకుంటూ, "కోప్పడు, పర్లేదు. మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు" అన్నారు.

కోప్పడ్డాను కూడా. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ పళ్ళెం తీసుకెళ్ళడం మానలేదు. కుడి వైపో ఎడమ వైపో పెట్టేదాన్ని. ఆయన నా పళ్ళేన్ని చూసి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు పీల్చి రాసేవారు. ఎనిమిదో రోజున ఆయన కళ్ళు మూసుకుంటుంటే నాకు నవ్వొచ్చేసింది. ఆయనకూ వచ్చింది. మిగిలిన నాలుగు నెలలూ అలాగే నడిపాం, హాలు కోసం, కలిపే గది కోసం. అన్నయ్యకు ఈ ముక్క ఇవాళ్టికీ తెలియదు.

ఆయన చివరి రోజున ఒక దండ వేశాం. చాలాసేపు వాసన చూసి, "బాగుంది" అన్నారు. పాపం, ముక్కు లేని మనిషి మర్యాదకి అన్నాడని అందరూ కళ్ళొత్తుకున్నారు. నేనూ ఏడ్చాను, వాళ్ళతో పాటే. మర్నాడు ఆయన బల్ల దగ్గరకు పట్నంలో చదివొచ్చిన కొత్తాయన వచ్చాడు. మచ్చు ముక్కలు తనే వెళ్ళి తెచ్చుకుంటానని, ఎవరూ తాకొద్దని మొదటి గంటలోనే చెప్పేశాడు.

తొమ్మిదయింది. నా కాగితాల కట్ట ముందు కూర్చున్నాను. ఎవరూ నన్ను ఎటూ పంపలేదు. రెండు ముక్కలు చుట్టాను. మూడోది చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టేశాను. లేచి వెళ్ళి కలిపే గది గుమ్మంలో నిలబడ్డాను.

అన్నయ్య తెడ్డు ఆపి కంగారుగా చూశాడు. "ఏమే, ఏమైంది?"

"ఏం కాలేదు. ఊరికే వచ్చాను."