గడప దగ్గర ఆగిన ప్రశ్న

మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పడం కోసం నేను యాభై మూడో ఏట కలలు కనడం నేర్చుకున్నాను. అంతకుముందు నాకు కలలు రాక కాదు. అవి వాటంతట అవి వచ్చి, నన్నేమీ అడక్కుండా వెళ్లిపోయేవి. నేను నేర్చుకున్నది వేరు. కలలో ఉండగానే 'ఇది కల' అని పసిగట్టి, ఆ తర్వాత మన ఇష్టం వచ్చినట్టు నడుచుకోవడం. సెల్‌ఫోన్‌లో ఒక తెల్లాయన వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఈ విద్య వస్తే గాలిలో ఎగరొచ్చు, సముద్రం మీద నడవొచ్చు అన్నాడాయన. నాకు ఎగిరే అవసరం లేదు. సముద్రం మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది, ఒడ్డున కూర్చుని చూస్తే చాలు. నాకు కావలసింది ఒకే ఒక్క జవాబు చెప్పి లేచి రావడం.

మా ఇల్లు పుదుచ్చేరిలో, ఉప్పళంలో. మావాళ్లు ఈ ఊరికి ఎన్ని తరాల కింద వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ తెలుగును రాసేవాళ్లు, చదివేవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు. అది నోటితో వచ్చి చెవిలోకి పోయే వస్తువు, అంతే. చెప్పులు విడిచినంత మామూలుగా గడప దగ్గర తమిళాన్ని విడిచి లోపలికి వచ్చేవాళ్లం.

మూడో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు ఒకరోజు మా ఇంటికి వచ్చి, అమ్మ నన్ను పిలవడం విన్నాడు. మర్నాటికి బడిలో నా పేరు 'గొల్టి' అయిపోయింది. తెలుగువాళ్లను ఏడిపించడానికి ఇక్కడ వాడే మాట అది. తెలుగు అనే మాటనే కిందా మీదా చేసి పుట్టించారంటారు. పదో తరగతి దాకా ఆ పేరు నన్ను వదల్లేదు. మొదటిరోజే నేను ఇంటికి వచ్చి, ఇక నుంచి బయట నాతో తెలుగులో మాట్లాడొద్దని అమ్మకు ఆర్డరు వేశాను. ఎందుకని ఆమె అడగలేదు. "సరే నాయినా" అంది. అడిగి, రెండు తగిలించి ఉంటే బాగుండేది.

ఆ ఆర్డరును అమ్మ నలభై ఏళ్లకు పైగా పాటించింది. నేను సర్కారు ఉద్యోగంలో చేరాక మధ్యాహ్నం పూట ఫోన్ చేసేది. హలో అనేది కాదు, తిన్నావా అనేది కాదు. మొదటి మాట ఎప్పుడూ ఇదే:

"పక్కన ఎవురన్నా ఉండారా?"

నేను 'ఊఁ' అంటే తమిళంలోకి మారేది. ఆమె తమిళం అంతా చేపల బేరంలో నేర్చుకున్నది. వీరాంపట్టినం నుంచి గంపలతో వచ్చే ఆడవాళ్లతో ఇరవై ఏళ్లు గొడవపడి సంపాదించిన తమిళం. అందులో "భోంచేశావా" అని అడిగినా తగాదాకు పిలిచినట్టే ఉండేది. 'ఎవరూ లేరు' అంటే మాత్రం తెలుగు మొదలు. ఇక ఆపడం నా తరం కాదు. ఎదురింటి మేడ మీద ఎండేసిన బట్టల దగ్గర్నుంచి అన్నీ చెప్పేది. అందుకని నేను చాలాసార్లు 'ఊఁ' అనేవాణ్ణి. పక్కన ఎవరూ లేకపోయినా అనేవాణ్ణి. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నా భార్యది తమిళ కుటుంబం. అత్తాకోడళ్లు తమిళంలోనే బతికారు, బాగానే బతికారు. కాబట్టి అమ్మ తెలుగుకు చివరికి మిగిలిన చెవులు నావి రెండే.

రెండేళ్ల కింద ఆమె ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉంది. ఆరో రోజు మధ్యాహ్నం మా ఆఫీసరు చూడడానికి వచ్చాడు. చేతిలో యాపిల్ పండ్ల సంచి. నర్సు సెలైన్ సరిచేస్తోంది. నా భార్య పక్కనే ఉంది. అమ్మ కళ్లు తెరిచి, ఎప్పుడూ అడిగే ఆ మొదటి ప్రశ్న అడగడం మరిచిపోయి, నేరుగా నన్ను అడిగింది.

"ఇంటికి ఎప్పుడు నాయినా పొయ్యేది?"

ఆఫీసరు నావైపు చూశాడు. నేను తమిళంలో, "నాళైక్కి పోలామ్మా" అన్నాను. రేపు పోదాం అని. అబద్ధం గురించి నాకు బాధ లేదు, అలాంటి అబద్ధం అందరూ చెప్తారు. అమ్మ మెల్లగా తల తిప్పి చుట్టూ చూసింది. ఆఫీసరును, నర్సును, కోడల్ని. తప్పు చేసి దొరికిపోయినదానిలా అయిపోయింది ఆమె ముఖం. "సరిప్పా" అంది, సరే నాయినా అని. అక్కణ్ణుంచి రెండు రోజులు నాతో తమిళంలోనే మాట్లాడింది. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా. నేను తెలుగులో మాట్లాడి చూశాను, తమిళంలోనే బదులిచ్చింది. ఎనిమిదో రోజు పోయింది.

మందుల మత్తులో అలా జరుగుతుందని నా భార్య అంటుంది. ఆమె మంచిది కాబట్టి అంటుంది. నాకు మాత్రం సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తోంది.

ఇదీ నేను కలల విద్యకు దిగిన కారణం. 'కలలో కూడా అనుకోలేదు' అంటారు మనవాళ్లు. నేను కలలో అనుకోవడానికే కూర్చున్నాను.

పద్ధతి చెప్పడానికి సులువే. పగలంతా, గుర్తొచ్చినప్పుడల్లా, 'ఇది కలా?' అని మనల్ని మనం అడగాలి. అడిగి చేతివేళ్లు లెక్కపెట్టుకోవాలి. మెలకువలో ఐదే ఉంటాయి. కలలో ఆరో ఏడో కనిపిస్తాయట. పగలు పడిన అలవాటు రాత్రికి కలలోకి కూడా వస్తుంది, అక్కడ వేళ్లు లెక్క తప్పగానే ఇది కల అని మనం దొరకబుచ్చుకోవాలి. పడుకునే ముందు, 'కలలో ఉన్నప్పుడు నాకు తెలుస్తుంది' అనుకుంటూ పడుకోవాలి. లేవగానే కలను నోటుబుక్కులో రాయాలి.

నేను బయట తమిళంలో ఆలోచించే మనిషిని. అందుకని ప్రశ్నను కూడా తమిళంలోనే పెట్టుకున్నాను. "ఇదు కనవా?" మూడు నెలలు అడిగాను. టౌన్ బస్సులో అడిగాను, ఫైళ్ల ముందు అడిగాను, నెల్లితోపు మార్కెట్లో అడిగాను. వేళ్లు ఐదే. ఆ మూడు నెలల్లో అమ్మ కలలోకి పదిసార్లకు తక్కువ కాకుండా వచ్చింది. వంటింట్లో ముంగాళ్ల మీద కూర్చుని ఆకుకూర ఒలుస్తోంది, నన్ను తిడుతోంది, కాఫీ చల్లారిపోతోందంటోంది. చచ్చిపోయిన మనిషి కాఫీ ఇస్తుంటే నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. బుద్ధిగా తాగాను. లేచి తల బాదుకున్నాను.

తప్పు ఎక్కడుందో తెలియడానికి తలప్రాణం తోకకు వచ్చింది. ఒక ఉదయం ఆఫీసుకు బయల్దేరుతూ గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటుంటే, ఎవరో అందించినట్టు నోట్లోకి ఆ ప్రశ్న వచ్చింది. "ఇదు కనవా?" గడపకు అవతలే వచ్చింది. ఇంట్లో ఉన్నంతసేపూ అది నాకు ఎన్నడూ గుర్తు రాలేదని అప్పుడు తెలిసింది. అమ్మ ఉండేది వంటింట్లో. నా భార్యతో మాట్లాడేది తమిళమే అయినా, అమ్మ ఉన్న చోటికి నా తమిళం రాదు. నలభై ఏళ్లకు పైగా నేనే దానికి ఆ క్రమశిక్షణ నేర్పాను. నా ప్రశ్న మూడు నెలలుగా చెప్పుల పక్కన వినయంగా నిలబడి ఉంది. చేసుకున్నవారికి చేసుకున్నంత.

కాబట్టి ప్రశ్నను తెలుగులోకి మార్చాను. "ఇది కలా, నిజమా?" ఒక్కటే చిక్కు. అది అమ్మ వరకు పోవాలంటే దాన్ని పగలు అన్నిచోట్లా అడగాలి. అంటే వీధిలో కూడా తెలుగు మాట్లాడాలి. మొదటిసారి బస్సులో కిటికీ వైపు తిరిగి అన్నాను. జేబు కొట్టేవాడికి కూడా అంత భయం ఉండదు. ఎవరూ తిరిగి చూడలేదు. ఇన్నేళ్లు నేను ఎవరికి భయపడ్డానో వాళ్లు ఆ బస్సులో లేరు.

ఆఫీసులో మా సెక్షన్ ఆవిడ మాత్రం కనిపెట్టింది. వారం రోజులు గమనించి, నేను గొణిగేది ఏ దేవుడి మంత్రం అని అడిగింది. వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాను కదా, జపం అనుకుంది. అవునన్నట్టు తలూపాను. తనకు మోకాళ్ల నొప్పులు, నేర్పమంది. నేర్పాను. రోజూ పొద్దున కుర్చీలో కూర్చోగానే ఆవిడ కళ్లు మూసుకుని, "ఇది కలా, నిజమా" అని పదకొండుసార్లు అంటుంది. ఎడమ మోకాలికి కొంచెం గుణం కనిపించిందట. ఇప్పుడు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు.

నోటుబుక్కు ఇంకో తలనొప్పి. అప్పటికి నాకు తెలుగు రాయడం రాదు. తెలుగు మాటల్ని తమిళ అక్షరాలతో రాసేవాణ్ణి. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. "అమ్మ గుడి దగ్గర ఉంది" అని రాసుకున్నాను. ఒకరోజు నా భార్య అది చూసింది. ఆ అక్షరాలను తమిళంగా చదివితే 'అమ్మా, కుడి', అంటే 'అమ్మా, తాగు' అని వస్తుంది. సాయంత్రం ఆమె నా ఎదుట కూర్చుని, చాలా మర్యాదగా, తమిళంలో అడిగింది: "అత్తకు ఆ అలవాటు ఎప్పటినుంచి ఉండేది?"

ఆ దెబ్బతో తెలుగు వాచకం తెప్పించుకుని అ ఆలు దిద్దాను. ఈ నాలుగు ముక్కలు రాయగలగడం ఆ గుడి పుణ్యమే.

తెలుగు ప్రశ్న మొదలుపెట్టిన ఐదో వారం కలలో నాకు ఏడు వేళ్లు వచ్చాయి. కల అని తెలిసిపోయింది. నెల్లితోపు మార్కెట్లో నిలబడి ఉన్నాను. ఏం కావాలంటే అది చేయొచ్చు. లోకం అంతా నాది. నేను వంగి, బెండకాయ కొస విరిచి లేతదో ముదురుదో చూశాను. టప్‌మని విరిగింది. ఆ సంతోషానికి మెలకువ వచ్చేసింది. సర్వాధికారం చేతికొస్తే మనిషి ఏం చేస్తాడో నా మటుకు నాకు తెలిసింది.

మరోసారి కల అని తెలియగానే ఇంటివైపు పరుగెత్తాను. వంటింట్లో పొయ్యి మీద పాలు ఉన్నాయి, అమ్మ లేదు. పాలు పొంగిపోతాయని పొయ్యి ఆపడానికి నిలబడ్డాను. అంతటితో సరి, మెలకువ వచ్చేసింది. ఇలా ఒకటి కాదు, ఆరు తప్పిపోయాయి. ఇక మానేద్దామనుకున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టినా బాగుండేది, నాకు ఎలుక కూడా దొరకలేదు.

పోయిన ఆడి మాసంలో, అంటే మన ఆషాఢంలో, ఒక ఆదివారం, భోజనం చేసి నడుం వాల్చాను. నా భార్య పక్కన పత్రిక చదువుతోంది. ప్రశ్న అనుకుంటూ ఉండగానే నిద్ర పట్టింది.

ఆసుపత్రి గది. వంటింట్లోనే వెతుకుతూ వచ్చాను కానీ, ఆమె ఇక్కడ ఉంది. మంచం మీద, కళ్లు తెరిచి. నర్సు సెలైన్ సరిచేస్తోంది. ఆఫీసరు యాపిల్ పండ్ల సంచితో నిలబడ్డాడు. నా భార్య ఉంది. అమ్మ నావైపు చూసి తమిళంలో అడిగింది. "వీట్టుక్కు ఎప్పో పోలాం?" ఇంటికి ఎప్పుడు పోదాం అని.

అమ్మ నన్ను ఆ మాట తెలుగులో కదా అడిగింది, అనిపించింది. ఇది కలా, నిజమా? చెయ్యి చూసుకున్నాను. ఆరు వేళ్లు.

కలలో ఇష్టం లేని మనుషుల్ని పొమ్మంటే పోతారని వీడియోలో ఆయన చెప్పాడు. ఆ ముగ్గుర్నీ పంపేయొచ్చు. అమ్మా నేనూ మిగులుతాం, హాయిగా తెలుగులో మాట్లాడుకోవచ్చు. కానీ ఎవరూ లేనప్పుడు తెలుగు మాట్లాడడం నాకు కొత్త కాదు. బతుకంతా చేసింది అదే. వాళ్లను ఉండనిచ్చాను. ఆఫీసరు ఇంకాస్త దగ్గరికి వచ్చాడు, రానిచ్చాను. గొంతు పెంచి, అందరికీ వినపడేలా అన్నాను.

"రేపే పోతామమ్మా. మన ఇంటికే పోతాం."

అమ్మ మెల్లగా తల తిప్పి చుట్టూ చూసింది. ఆఫీసరును, నర్సును, కోడల్ని. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నా చెవిలో, ఎవరికీ వినపడకుండా, తెలుగులో అంది.

"మెల్లగా నాయినా. పక్కన మనుషులుండారు."

నాకు ఏడుపు వచ్చింది. "ఉండనీమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ మాట బయటికి వచ్చేసరికే మెలకువ వచ్చేసి ఉంది. పక్కన నా భార్య ఉంది.