అన్నీ ఆకులే అనుకోమాకు

నా చిన్నప్పుడు సమాధుల పండుగ వస్తుందంటే మాకు కొవ్వొత్తుల సంబరమే గానీ, ఆ మట్టి కింద ఎవరున్నారన్న ధ్యాస ఉండేది కాదు. కంకిపాడు దగ్గర మా ఊరి సమాధుల తోటలో ముందురోజే అందరూ చేరి కలుపు పీకి, ఆకులు ఊడ్చి, సున్నం వేసేవాళ్లు.

మా నాయనమ్మ ఎప్పుడూ ఒకే చిన్న సమాధి దగ్గర కూర్చునేది. నేను పుట్టకముందే, ఐదేళ్లకే పోయిన మా చిన్నత్తది. బాదం చెట్టు కింద ఉండబట్టి దాని నిండా ఎండుటాకులే. నాయనమ్మ చీపురు పట్టేది కాదు. ఒక్కో ఆకునీ వేలితో తాకి చూసి పక్కన పెట్టేది. మొదలైంది చాదస్తం అని మా పిన్ని విసుక్కునేది.

ఆ ఏడు నాకు తొమ్మిదో పదో. ఈవిడతో అయితే పొద్దుపోతుందని నేనే కొబ్బరి చీపురు ఎత్తాను. చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే అమ్మాయ్. అన్నీ ఆకులే అనుకోమాకు."

ఈనెలతో సహా అచ్చం ఎండుటాకులా ఉన్నదాన్ని ఒకదాన్ని చిటికెన వేలితో తాకింది. అది కదిలింది! లోపలి రెక్కలు పసుపుపచ్చగా విప్పుకుని చెట్టు మీదికి ఎగిరిపోయింది. రెక్కల పురుగు. ఇంగ్లీషులో మాత్ అంటారట. నేను చప్పట్లు కొట్టాను. నాయనమ్మ నవ్వలేదు.

అప్పుడు చెప్పింది. మా అత్త ఒట్టి వాగుడుకాయట. ఒకరోజు నాయనమ్మ నాట్లకు పోయి తడిబట్టలతో ఇంటికొచ్చేసరికి, ఆ పిల్ల మూల చాప మీద ముడుచుకుని పడుకుని ఉందట.

"పోన్లే, ఇవాళైనా సతాయించకుండా నిద్దరపోయింది అనుకున్నానే. గిన్నెల చప్పుడు కూడా కాకుండా వండాను. తీరా అన్నానికి లేపబోతే ఒళ్లు చల్లబడిపోయింది. రాగానే ఒక్కసారి చెయ్యేసి చూసుంటే నా బిడ్డ దక్కేదేమో."

జ్వరం ఎప్పుడు తగిలిందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆవిడను ఎవరూ పల్లెత్తు మాట అనలేదట. అనుంటే బాగుండేదేమో, పోట్లాడి, ఏడ్చి కాస్త తేలికపడేది. పాపం, ఏటా ఆకులు తాకుతూనే ఉండిపోయింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇంట్లో ఎవరు ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నా వెళ్లి నుదుటి మీద చెయ్యి వేస్తాను. మా మనవరాలికి నిద్ర చెడుతుంది. "అబ్బా, బానే ఉన్నాను అమ్మమ్మా!" అని దుప్పటి ముసుగేసుకుంటుంది. విసుక్కోనీ. ఆ ఒక్క మాట కోసమేగా నేను వెళ్లేది. మా నాయనమ్మకు అది దక్కలేదు.